పేషెంట్ ముఖం ప్రచార బొమ్మ కాదు: తెలంగాణ మెడికల్ కౌన్సిల్ చైర్మన్‌కు బహిరంగ లేఖ

గౌరవనీయులైన చైర్మన్ గారికి,

కాస్మెటిక్ సర్జరీ క్లినిక్‌ల ఇన్‌స్టాగ్రామ్ పేజీలు ఒకసారి తెరిచి చూడండి. 'ముందు, తర్వాత' ఫొటోల్లో కళ్ల మీద నల్ల పట్టీ వేస్తారు. మెడ మీద పుట్టుమచ్చ, జబ్బ మీద పచ్చబొట్టు మాత్రం అలాగే కనిపిస్తుంటాయి. తెలిసినవాళ్లు గుర్తుపట్టడానికి అంతకంటే ఏం కావాలి?

సినిమావాళ్ల పరిస్థితి ఇంకా ఘోరం. ఫలానా నటి ముక్కు సరిచేయించుకుందని యూట్యూబ్‌లో థంబ్‌నెయిళ్లు పెడతారు. అందులో చాలావరకు ఊహాగానమే కావచ్చు. కానీ రిసెప్షన్ రిజిస్టర్ నుంచో, ఆపరేషన్ థియేటర్‌లో ఎవరి జేబులోనో ఉన్న ఫోన్ నుంచో ఒక్క విషయం పొక్కినా, అది నమ్మకద్రోహమే. తెర మీద కనిపించే మనిషైనంత మాత్రాన ఆమె కేస్ షీట్ జనం సొత్తు అయిపోదు.

2002 నాటి వైద్య నైతిక నియమావళి ఈ మాట ఎప్పుడో చెప్పింది. కోర్టు ఆదేశం వంటి కొన్ని సందర్భాల్లో తప్ప పేషెంట్ రహస్యం బయటపెట్టకూడదని అందులోని 7.14వ నిబంధన, అనుమతి లేకుండా గుర్తుపట్టేలా ఫొటోలు ప్రచురించకూడదని 7.17వ నిబంధన అంటున్నాయి. గోప్యత ప్రాథమిక హక్కని 2017లో సుప్రీంకోర్టు కూడా తేల్చింది.

అనుమతి ఉందంటారా? మత్తుమందుకు ఒప్పుకునే కాగితాల మధ్య ఫొటోలకు ఒప్పుకునే కాగితం కూడా పెడితే, ఆ టెన్షన్‌లో ఎవరు చదివి సంతకం పెడతారు? ఫొటోలకు అనుమతి విడిగా, ముందే తీసుకోవాలి. ఎప్పుడైనా వెనక్కి తీసుకునే వీలుండాలి. థియేటర్‌లోకి సొంత ఫోన్లు రానివ్వకూడదు.

పేరున్నవాళ్లు మీ దగ్గరికి రావడానికి జంకుతారు, ఫిర్యాదు చేస్తే అదే మళ్లీ వార్త అవుతుంది కాబట్టి. అందుకే కౌన్సిల్ తనంతట తానే విచారణ మొదలుపెట్టాలని వేడుకుంటున్నాను.

ఇట్లు,
ఒక హైదరాబాద్ వాసి