కరగడం వేరు, అరగడం వేరు

హైదరాబాద్,
ఆదివారం రాత్రి

రాఘవా,

నీ పార్సిల్ అందిందిరా. రెండు సీసాలూ పగలకుండా వచ్చాయి. చెల్లెమ్మ పెట్టిన గోంగూర పచ్చడి సగం అప్పుడే అయిపోయింది. నీ డిష్‌వాష్ లిక్విడ్‌తో మా ఆవిడ నాలుగు రోజులుగా గిన్నెలు తోముతోంది. జిడ్డు బాగా వదులుతోందట, నిమ్మ వాసన కాస్త తగ్గిస్తే మేలంటోంది.

లేబుల్ సంగతి ఫోన్‌లో తేలేది కాదు, అందుకే రాస్తున్నాను. సీసా మీద ‘బయోడిగ్రేడబుల్’ అని వేయిస్తానన్నావు. "గ్లాసు నీళ్ళలో చుక్క వేస్తే నిమిషంలో కలిసిపోతోంది, ఇంకా పరీక్షేమిటి?" అన్నావు. నువ్వే కాదు, మా ల్యాబ్‌కి వచ్చే చాలామంది ఇదే మాట అంటారు. కరగడం వేరురా, అరగడం వేరు. ఉప్పు నీళ్ళలో కరిగితే కంటికి కనబడదు, కానీ ఎక్కడికీ పోలేదు. నాలుక మీద వేసుకుంటే తెలిసిపోతుంది. అరగడమంటే ఆ నీళ్ళలో ఉన్న బాక్టీరియా దాన్ని తిని, జీర్ణం చేసుకుని, చివరికి కార్బన్ డయాక్సైడ్, నీరు, కొన్ని లవణాలుగా మార్చేయడం. నువ్వు వేయబోయే మాటకి అర్థం అది.

దాన్ని తేల్చడానికి మేం వాడే పద్ధతుల్ని ఓఈసీడీ 301 అంటారు, ఓఈసీడీ అనే దేశాల కూటమి పెట్టిన పరీక్షలు. 1981లో మొదట వచ్చాయి, 1992లో సవరించారు. ఏ నుంచి ఎఫ్ దాకా ఆరు రకాలున్నాయి. నేను ఎక్కువగా చేసేది ఎఫ్. అదొక్కటీ వివరంగా చెబుతాను, మిగతావి కూడా ఇంచుమించు అదే ఆలోచన మీద నడుస్తాయి.

ముందు బాక్టీరియా కావాలి కదా. ఇళ్ళ మురుగునీరు వచ్చే ఎస్‌టీపీకి, అంటే మురుగు శుద్ధి కేంద్రానికి వెళ్ళి, గాలి కొట్టే ట్యాంకులోంచి స్లడ్జ్, అదే బాక్టీరియా నిండిన బురద, తెచ్చుకుంటాం. ఫ్యాక్టరీల నీళ్ళు కలిసే చోటునుంచి తేకూడదు, ఎందుకో తర్వాత చెబుతాను. మంచి స్లడ్జ్ చూడటానికి పలుచని కాఫీ రంగులో ఉంటుంది. జాడీలో పోసి కదపకుండా ఉంచితే అరగంటలో దూదిపింజల్లాంటి తునకలు అడుక్కి దిగి పైన నీళ్ళు తేటపడతాయి. వాసన చెబితే నమ్మవు, తొలకరికి తడిసిన మట్టి వాసన. దాన్ని రెండు మూడు సార్లు లవణాల ద్రావణంతో కడిగి, రాత్రంతా గాలి బుడగలు పోనిస్తాం. తర్వాత లీటరుకి 30 మిల్లీగ్రాములకి మించకుండా సీసాల్లో వేస్తాం. పాలల్లో తోడు వేసినట్టే అనుకో, కాకపోతే చాలా తక్కువ తోడు.

గోధుమరంగు గాజు సీసాలు వరసగా పెడతాం. కొన్నింట్లో పరీక్షించాల్సిన పదార్థం, లీటరుకి సుమారు 100 మిల్లీగ్రాములు. కొన్నింట్లో ఏమీ వేయం, ఉత్త స్లడ్జే. ఒకదాంట్లో సోడియం బెంజోయేట్, అదేరా, పచ్చళ్ళు పాడవకుండా వేసే పొడి. ఇంకోదాంట్లో పరీక్షించే పదార్థమూ బెంజోయేటూ రెండూ కలిపి. ప్రతి సీసా మూత కింద చిన్న రబ్బరు గిన్నెలో సోడియం హైడ్రాక్సైడ్ బిళ్ళలు ఉంటాయి. లోపల బాక్టీరియా తింటుంటే ఆక్సిజన్ పీల్చి కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. వదిలినదాన్ని ఆ బిళ్ళలు పట్టేసుకుంటాయి. అంటే సీసాలో గాలి తగ్గుతూ పోతుంది, ఒత్తిడి పడిపోతుంది, మూతలోని సెన్సర్ దాన్ని రాసుకుంటుంది. చీకట్లో, 22 డిగ్రీల దగ్గర, కింద అయస్కాంతం తిరుగుతూ ఉండగా 28 రోజులు.

లెక్క ఎలాగంటే, ఒక మిల్లీగ్రాము సోడియం బెంజోయేట్ పూర్తిగా ఆక్సీకరణం కావాలంటే 1.67 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కావాలి. ఇది కాగితం మీదే తేలిపోతుంది. బాక్టీరియా నిజంగా పీల్చిన దాంట్లోంచి ఉత్త స్లడ్జ్ పీల్చుకున్నది తీసేసి, ఈ లెక్కతో పోలిస్తే ఎంత శాతం అరిగిందో వస్తుంది. 60 శాతం దాటితే పాస్. అదీ మొదటి 10 శాతం చేరిన రోజునుంచి పది రోజుల్లోపల దాటాలి. "నూరు కాకుండా అరవయ్యేమిటి, డిస్కౌంటా?" అని నువ్వు అడుగుతావని తెలుసు. తిన్నదంతా శక్తిగా ఖర్చయిపోదు కదరా, కొంత ఒంటికి పడుతుంది. బాక్టీరియా కూడా ఆ కార్బన్‌లో కొంత తన ఒళ్ళు పెంచుకోవడానికి వాడుకుంటుంది.

నాకు బాగా ఇష్టమైనది ఆ గ్రాఫ్. మొదటి మూడు నాలుగు రోజులు గీత నేలమీద పడుకుని ఉంటుంది. ఏదో తప్పు చేశామేమోనని టెన్షన్. ఒకరోజు పొద్దున వచ్చి చూస్తే గీత లేచి ఉంటుంది. తర్వాత ఆగదు. పద్నాలుగేళ్ళుగా చూస్తున్నా, ఆ లేచిన రోజు చెయ్యి కడుక్కోకుండా వెళ్ళి పక్క టేబుల్ వాళ్ళకి చూపిస్తాను.

మూడేళ్ళ కిందట మే నెలలో నేను చేసిన తప్పు నీకెప్పుడూ చెప్పలేదు. స్లడ్జ్ క్యాన్ మూత బిగించి కారులో పెట్టి, దారిలో భోజనానికి ఆగాను. గంటన్నర. ల్యాబ్‌కొచ్చి మూత తీస్తే, లోపల గాలి ఆడక మట్టి వాసన పోయి కుళ్ళిన గుడ్డు వాసన సన్నగా తగిలింది. అప్పుడే పారబోసి మళ్ళీ వెళ్ళాల్సింది. రాత్రంతా గాలి పెడితే కోలుకుంటుందిలే అనుకున్నాను. సోడియం బెంజోయేట్ 14 రోజుల్లో 60 శాతం చేరాలని నియమం, అది నలభై కూడా దాటలేదు. పచ్చళ్ళ పొడినే తినలేని బాక్టీరియా ఇంకో పదార్థాన్ని తినలేదంటే ఆ మాటకి విలువేముంది? పరీక్ష మొత్తం చెల్లకుండా పోయింది. పదార్థం పంపినవాళ్ళకి ఫోన్ చేసి ‘తప్పు నాదండీ’ అని చెప్పి, మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాను. ఇప్పుడు కారులో బ్యాటరీతో నడిచే చిన్న గాలిపంపు ఉంటుంది, చేపల తొట్టెలో పెట్టేది.

ఫ్యాక్టరీ నీళ్ళు కలిసే స్లడ్జ్ వద్దన్నాను కదా. అక్కడి బాక్టీరియాకి ఆ రసాయనం ముందే అలవాటై ఉండొచ్చు. అలవాటున్నవాడు ఏదైనా తింటాడు. ఈ పరీక్ష కావాలనే కష్టంగా పెట్టారు. బాక్టీరియా తక్కువ, పదార్థం ఎక్కువ, అలవాటు లేదు. ఇందులో గట్టెక్కిందంటే ఎస్‌టీపీలోనూ కాలవలోనూ తొందరగానే అరుగుతుందని ధైర్యంగా చెప్పొచ్చు. తప్పిందంటే మాత్రం ఎప్పటికీ అరగదని కాదు, ఇంకా లోతైన పరీక్షలు చేయాలని. ఈ రెండో సంగతి మరిచిపోయి మంచి పదార్థాల మీద మచ్చ వేసేవాళ్ళని చూస్తే నాకు బాధగా ఉంటుంది.

ఇక నీ లిక్విడ్. నువ్వు వాడే యాసిడ్ స్లర్రీకి, అదే జిడ్డు వదిలించే అసలు సరుక్కి, పెద్ద కథే ఉంది. 1950లలో జర్మనీలో, బ్రిటన్‌లో నదుల మీద, మురుగునీటి కేంద్రాల మీద సబ్బు నురగ గుట్టలుగా పేరుకుపోయింది. అప్పటి డిటర్జెంట్ అణువుకి తోక తుమ్మకొమ్మలా చీలికలు చీలికలుగా ఉండేది. బాక్టీరియాకి నోరు పెట్టే సందు దొరకలేదు. 1961లో జర్మనీ చట్టం చేసింది, 1964లో అమల్లోకి తెచ్చింది. కంపెనీలు తోక నిటారుగా ఉండే రకానికి మారాయి. నిటారు తోకని బాక్టీరియా చివరినుంచి చెరుకుగడ నమిలినట్టు నమిలేస్తుంది. ఇవాళ మన యాసిడ్ స్లర్రీ మామూలుగా ఆ నిటారు రకమే. కొనేచోట ఒకసారి అడిగి, కాగితం తీసుకో. ఒక్కటి గుర్తుంచుకో, ఇది గాలి ఉన్నచోట అరుగుతుంది. గాలి ఆడని సెప్టిక్ ట్యాంకు అడుగున ఆ పని జరగదు. మీ వీధిలో సగం ఇళ్ళకి సెప్టిక్ ట్యాంకులే కదా.

నన్ను ఆపింది అది కాదు. నువ్వు పంపిన ఫార్ములాలో ఆరో వరసలో ఈడీటీఏ ఉంది, నీళ్ళలోని లోహాలని పట్టి ఉంచే రసాయనం. ఉప్పునీళ్ళలో కూడా నురగ రావడానికి వేశావని అర్థమైంది, అందరూ అదే వేస్తారు. కానీ అది ఈ పరీక్షలో నిలబడదురా. 28 రోజులు పెట్టినా గీత లేవదు. బాక్టీరియాని చంపదు, తినబడదు, అంతే. లోహాలని గట్టిగా పట్టుకుని నీళ్ళతోపాటు పోతుంటుంది. అది ఉండగా సీసా మీద ఆ మాట వేస్తే నేను ఒప్పుకోను.

దాని బదులు సోడియం సిట్రేట్ వేసి చూడు. నిమ్మఉప్పుకి అన్నదమ్ములాంటిది, బాక్టీరియాకి పాయసం. పట్టు కొంచెం తక్కువ కాబట్టి పాళ్ళు పెంచాల్సి రావచ్చు. తెనాలి బోరు నీళ్ళతోనే నురగ చూసుకో, మినరల్ వాటర్‌తో కాదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఈ పరీక్ష విడి విడి పదార్థాలకి పెట్టింది. నీది మిశ్రమం. మొత్తాన్ని సీసాలో పోసి 65 శాతం వచ్చిందనుకో, తేలికగా అరిగేవి అరిగిపోయి మొండిది అలాగే మిగిలిపోయినా నీకు కనబడదు. అందుకని ఒక్కో పదార్థానికీ కాగితం ఉండాలి. సరఫరాదారుల దగ్గర ఈ రిపోర్టులు ఉంటాయి, గట్టిగా అడిగితే ఇస్తారు. నీలాంటి చిన్న యూనిట్ కొత్తగా పరీక్షలకి డబ్బు పోయాల్సిన పని లేదు. 2024 అక్టోబర్‌లో కేంద్రం ఇలాంటి పర్యావరణ ప్రకటనల మీద మార్గదర్శకాలు కూడా తెచ్చింది, వేసిన మాటకి ఆధారం చూపాల్సిందే. రేపు ఎవరైనా అడిగితే ఆ కాగితాల కట్ట నీ టేబుల్ మీద ఉండాలి. అప్పుడు కూడా ‘బయోడిగ్రేడబుల్’ అని ఒక్క మాట కాకుండా, ‘ఇందులోని సర్ఫాక్టెంట్లు ఓఈసీడీ 301 ప్రకారం 28 రోజుల్లో జీర్ణమవుతాయి’ అని రాయించు. సర్ఫాక్టెంట్లంటే స్లర్రీలాంటి జిడ్డు వదిలించే పదార్థాలు. పొడుగైనా ఫర్వాలేదు.

చిన్నప్పుడు మీ తాతగారి పొలం పక్క కాలవలో ఈతకొట్టి, ఆ నీళ్ళే దోసిట పట్టి తాగేవాళ్ళం గుర్తుందా? నీ సీసాలు తోమిన గిన్నెల నీళ్ళు ఏదో ఒక దారిన ఆ కాలవలోకే చేరతాయి. అందుకే ఇంత రాశాను, కోప్పడకు.

ఈడీటీఏ తీసేసి సిట్రేట్‌తో ఒక లీటరు చేసి పంపు. నురగ నిలుస్తోందో లేదో మా ఆవిడ చెబుతుంది. స్లర్రీ కాగితం ఫోటో తీసి పంపు, రిపోర్ట్ నేను చదివి చెబుతాను. కంగారు పడకు, బుధవారం దాకా తీరిక లేదు. ఒక కొత్త పదార్థం పదకొండో రోజులో ఉంది, గీత ఇంకా లేవలేదు, రోజూ పొద్దున్నే వెళ్ళి చూసుకుంటున్నాను.

పిల్లలకి ముద్దులు. బాబాయిగారిని అడిగానని చెప్పు.

నీ
శ్రీను

పచ్చడి సీసా కడిగి ఉంచాను, వచ్చేటప్పుడు తెస్తాను.