మన లాండ్రీలో బట్టలు ఇకపై ఒక రోజు ఆలస్యంగా అందడానికి కారణం

చెన్నై వేళచ్చేరిలోని మన లాండ్రీకి బట్టలు వేస్తున్న వారందరికీ నమస్కారం. ఈ నెల నుంచి మామూలు బట్టలు 24 గంటలకు బదులు రెండు రోజులకు అందుతాయి. పనివాళ్లు దొరకడం లేదని చెప్పి తప్పించుకోవచ్చు గానీ, అసలు కారణం కరెంటు బిల్లు, అందులోనూ బట్టలను వేడిగాలితో ఆరబెట్టే డ్రయ్యరు.

బట్టలు ఉతకడానికే కరెంటు ఎక్కువ పడుతుందని నేను చాలాకాలం అనుకున్నాను. ఒకనాడు అనుమానం వచ్చి, పొడిగా 6 కిలోలు తూగిన దుప్పట్లను ఉతికి, నిమిషానికి 800 చుట్ల స్పిన్ అయ్యాక మళ్లీ కాటా మీద పెడితే 10 కిలోలు దాటాయి. నాలుగు లీటర్లకు పైగా నీరు ఇంకా గుడ్డలోనే ఉందన్నమాట. అవే దుప్పట్లను 1200 చుట్ల మీద తిప్పితే మరో లీటరు దిగింది. వేడి ఏమాత్రం వృథా కాకపోయినా, డ్రయ్యరులో ఒక లీటరు నీటిని ఆవిరి చేయడానికి దాదాపు మూడింట రెండు వంతుల యూనిట్ కావాలి. ఆ నీటినే స్పిన్‌లో విదిలించడానికి పట్టేది అందులో చిన్న భాగం. బట్టలు నలిగితే ఇస్త్రీకి కష్టమవుతుందని ఇన్నేళ్లూ స్పిన్ తగ్గించి పెట్టించినది నేనే, కాబట్టి ఈ తప్పు యంత్రానిది కాదు. ఇప్పుడు పట్టు, ఉన్ని బట్టలు తప్ప అన్నీ 1200 మీదే తిరుగుతున్నాయి.

వేడినీటి విషయంలోనూ ఇదే కథ. 15 లీటర్ల నీటిని 28 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు తేవడానికి అర యూనిట్ పైనే ఖర్చవుతుంది, అదీ ప్రతి విడతకూ. మే నెలలో మిద్దె మీది ట్యాంకు నీళ్లు చేయి పెట్టలేనంత కాలుతుంటే, వాటిని మళ్లీ కాచడం ఎందుకని ఇంతకాలం నాకు తోచనే లేదు. ఇకపై రోగుల బట్టలకు, పసిపిల్లల గుడ్డలకు, నూనె పట్టిన వంటింటి గుడ్డలకు మాత్రమే వేడినీరు వాడతాం. రక్తపు మరకకు వేడి తగిలితే గట్టిపడుతుంది, దానికి చల్లనీరే మేలు. పసుపు మరక సబ్బు తగలగానే ఎర్రబడి భయపెడుతుంది గానీ, జాడించి ఎండలో వేస్తే మెల్లగా వెలిసిపోతుంది. ఆ పని ఏ యంత్రమూ చేయలేదు.

ఇక మిగిలింది వానాకాలం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల తేమలో మిద్దె మీది దండేలు పనికిరావు. కిందటి నవంబరులో పొదుపు మోజులో, చొక్కాలు పూర్తిగా ఆరకముందే మడత పెట్టి పంపాను. ముక్కిన వాసన వస్తోందని కొందరు తిరిగి తెచ్చారు. వారు ఇంకా కటువుగా మాట్లాడినా తప్పులేదు. వాటిని డబ్బు తీసుకోకుండా మళ్లీ ఉతికేసరికి మిగిల్చిన కరెంటంతా అక్కడే పోయింది. అందుకే ఇప్పుడు వెనక గదిలో దండేలు కట్టించి, కిటికీలు తెరిచి, ఫ్యాన్ల కింద ఆరబెడుతున్నాం. 75 వాట్ల ఫ్యాను 8 గంటలు తిరిగితే అయ్యేది 0.6 యూనిట్. ఆలస్యమవుతున్న ఆ ఒక్క రోజూ ఈ గదిలోనే గడుస్తుంది.

ఇంట్లో ఉతుక్కునే వారికీ ఇదే లెక్క వర్తిస్తుంది. తమిళనాడులో ఇళ్లకు రెండు నెలలకొకసారి వచ్చే బిల్లులో మొదటి కొన్ని యూనిట్లు ఉచితం, ఆపైన వాడకం పెరిగేకొద్దీ రేటూ పెరుగుతుంది కాబట్టి, డ్రయ్యరు తినే యూనిట్లు తరచుగా ఖరీదైన మెట్టు మీదే పడతాయి. యంత్రం నిండాక వేయడం, స్పిన్ పెంచడం, బట్టను గట్టిగా విదిలించి దండెం మీద వేయడం చాలు. పూర్తిగా ఎండిపోయిన చొక్కా మీద నీళ్లు చల్లి ఇస్త్రీ చేసే బదులు, కాస్త తడి ఉండగానే తీసి ఇస్త్రీ చేస్తే పెట్టె తక్కువసేపు వేడెక్కితే చాలు.

ఇంత మిగులుతుంటే రేటు ఎందుకు తగ్గించలేదని ఇద్దరు ముగ్గురు అడిగారు. మిగిలినది కొత్త యంత్రం వాయిదాలకు పోతోంది, అవి తీరేదాకా తగ్గించలేను. అదే రోజు కావలసిన వారికి డ్రయ్యరు ఉంది, కిలోకు 20 రూపాయలు అదనం. సంచి ఇచ్చేటప్పుడే చెబితే దానికి ఎర్ర చీటీ కడతాం.