టీవీ సిపాయి వేరు, టిప్పు సిపాయి వేరు

సంపాదకుల వారికి,

అయ్యా,

దసరా కొలువుల్లో దశావతారాలు, పెళ్లితంతు, శెట్టి దంపతుల కొట్టు వంటి బొమ్మల సరసన ఇప్పుడు సైనికుల బొమ్మలు కూడా కనిపిస్తున్నాయి. చారిత్రక టీవీ ధారావాహికలు చూసి ముచ్చటపడి, వాటిలోని సిపాయిల నమూనాలను ఆన్‌లైన్‌లో తెప్పించుకొని దాచుకునేవారు మా అనంతపురంలోనూ ఉన్నారు. వారిలో నేనూ ఒకణ్ణి కనుక ఈ అభిరుచిని తప్పుపట్టను. అయితే ఈ బొమ్మలు చేసేవారు, అమ్మేవారు ఒక చిన్న నియమం పాటించాలన్నది నా విన్నపం.

బొమ్మ సైనికుల సేకరణ కొత్తదేమీ కాదు. 1893లో ఇంగ్లండులో విలియం బ్రిటన్ సంస్థ సీసపు సైనికులను లోపల డొల్లగా పోతపోసే పద్ధతి తెచ్చాక ధర తగ్గి, సామాన్యుల ఇళ్లకూ ఈ బొమ్మలు చేరాయి. ఆ సంస్థ బొమ్మల 54 మిల్లీమీటర్ల ఎత్తే తర్వాత చాలామందికి ప్రమాణమైంది. సీసం హానికరమని తెలిశాక 1960ల్లో వాటి తయారీ ఆగిపోయింది. (పాత సీసపు బొమ్మలు దొరికితే దయచేసి పిల్లల చేతికి ఇవ్వకండి.)

ఇక అసలు విషయానికి వస్తాను. 1993లో బ్రిటన్‌లో మొదలైన 'షార్ప్' అనే ధారావాహిక నెపోలియన్ యుద్ధాల నాటి ఆకుపచ్చ కోటు రైఫిల్ దళానికి ఎంత పేరు తెచ్చిందంటే, ఆ దళం బొమ్మలు నేటికీ సేకర్తలకు ప్రీతిపాత్రమే. దానికి మూలమైన నవలల్లో కథానాయకుడు 1799 నాటి శ్రీరంగపట్నం ముట్టడిలోనూ పాల్గొంటాడు. అందువల్ల ఆకుపచ్చ కోట్లు కొన్నవారి చూపు సహజంగానే ఎదుటి పక్షమైన మైసూరు సిపాయిల మీదికి మళ్లుతుంది. అలా ఒక మిత్రుడు తెప్పించుకున్న సిపాయిని చేతిలోకి తీసుకుని చూశాను. మీసాల కొనలు, తుపాకీ మందుసంచి పట్టీ ఎంతో నేర్పుగా దిద్దారు. కానీ ఒంటి మీద పసుపుపచ్చ కోటు, దాని నిండా నల్లని చారలు! పీర్ల పండుగలో పులివేషం కట్టిన మనిషి తుపాకీ పట్టుకున్నట్టుంది.

టిప్పుకు పులి గుర్తు మీద ఉన్న మక్కువ నిజమే. అయితే ఆ యుద్ధాల కాలపు ఆంగ్లేయులు వర్ణించిన పదాతి సిపాయి దుస్తులు వేరు: ఊదారంగు గుడ్డ మీద పలకల ఆకారపు తెల్లని మచ్చలు, తలకు ఎర్రని తలపాగా, నడుముకు అదే రంగు దట్టీ, కాళ్లకు చెప్పులు. దానినే వారు పులికోటు అన్నారు. పసుపు, నలుపు చారలు చూడగానే 'పులి' అనిపిస్తాయి కాబట్టి టీవీ ధారావాహికల దుస్తుల విభాగాల వారికి అవి సులువు. అక్కడినుంచి బొమ్మకు, బొమ్మనుంచి పిల్లల మనసుకు ఎక్కుతాయి. దూరదర్శన్‌లో టిప్పు సుల్తాన్ ధారావాహిక వచ్చినప్పుడు వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లి, ఇది కల్పిత కథ అనే ప్రకటనతోనే ప్రసారం సాగిన సంగతి పెద్దలకు గుర్తుండే ఉంటుంది. తెర మీద అలాంటి ప్రకటన వేయవచ్చు. కొలువు మెట్టు మీది బొమ్మకు ఆ సదుపాయం ఎక్కడిది?

పైగా ఈ సిపాయిలు మనకు పరాయివారు కారు. 1776లో హైదరాలీ మరాఠా సర్దారు మురారిరావు నుంచి గుత్తి కోటను గెలుచుకున్నాడు. టిప్పు పతనమయ్యాక ఈ ప్రాంతం నిజాం పాలై, 1800లో కంపెనీకి దత్తమైంది. మన ఊళ్ల చరిత్రలో భాగమైన సైనికుణ్ణి టీవీ దర్జీ కుట్టిన కోటులో, అదీ విదేశాల నుంచి కొనుక్కోవలసి రావడం నాకు కష్టంగా తోస్తుంది.

ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసే కళాకారులున్నారు. జర్మనీలోని న్యూరెంబర్గ్ వారు ఒకప్పుడు తగరంతో పలుచని చదునైన సైనికులను పోతపోసి రెండు వైపులా రంగులు వేసేవారు, అవి నేటికీ సేకర్తలకు అపురూపం. మేకతోలును పారదర్శకంగా చేసి, ఆకారం కత్తిరించి, చిల్లులు కొట్టి రంగులద్దే మనవారికి చదును సైనికుడు కొత్త విద్య కాదు. ఊదా కోటు సిపాయి, గుత్తి కోట మీది మరాఠా రౌతు, కోవెలకుంట్ల ఖజానా మీద పడిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి అనుచరుడు ఇలాంటి వరుస ఒకటి తయారైతే లేపాక్షి హస్తకళల దుకాణాల్లో పెట్టవచ్చు.

నియమం అన్నది ఇదే: బొమ్మ పీట అడుగున అది ఏ దళానిదో, ఏ సంవత్సరానిదో, దుస్తులకు ఆధారం నాటి చిత్రమా, వర్ణనా, లేక టీవీ ధారావాహికా అన్నది రెండు పంక్తుల్లో రాయాలి. తోలుబొమ్మల కళాకారులు, చరిత్ర అధ్యాపకులు దీనిపై ఏమంటారో మీ ఆదివారం అనుబంధంలో ప్రచురించవలసిందిగా కోరుతున్నాను. వారు ఒప్పుకుంటే మొదటి జత కోసం ముందుగానే బయానా కట్టడానికి మా మిత్రబృందం సిద్ధంగా ఉంది.

ఇట్లు,
ఒక పాఠకుడు,
అనంతపురం