పలకని సౌండ్ బాక్సు, పలకని మీరు

తిరుపతి

కస్టమర్ కేర్ విభాగం పెద్దవారికి (మీ పేరేమిటో మీవాళ్ళెవరూ చెప్పలేదు),

విషయం: ఫోన్‌తో పంపిన డబ్బు ఖాతాలో పడగానే పైకి చెప్పే మీ సౌండ్ బాక్సు పనిచేయకపోవడం, అంతకంటే ముఖ్యంగా మీ దగ్గర ఎవరూ పనిచేయకపోవడం గురించి.

అయ్యా / అమ్మా,

మీ యాప్‌లో ఫిర్యాదు రాసే గడిలో నాలుగు వాక్యాలు దాటితే ఎర్ర గీత వస్తోంది. నా గోడు నాలుగు వాక్యాల్లో తెమిలేది కాదు. అందుకే కాగితం మీద రాసి స్పీడ్ పోస్టులో పంపుతున్నాను. సంతకం పెట్టి తీసుకోవడానికైనా మీ ఆఫీసులో ఒక మనిషి ఉంటారని ఆశ.

మాది గాంధీ రోడ్డుకు దగ్గర్లో ఒక సందులో చిన్న క్రాఫ్ట్ సామాన్ల షాపు. మొన్న ఉగాదికి తెరిచాను. సిల్క్ దారాలు, కుందన్లు, ముత్యాలు, చమ్కీలు, లేసులు, మగ్గం సూదులు, గ్లూ స్టిక్కులు, ఫోమ్ షీట్లు, ఇవీ మా సరుకు. పెద్ద బేరాలుండవు. పది రూపాయల జరీ దారం, ఇరవై రూపాయల కుందన్లు. పొద్దున్నే బడి బస్సు రాకముందు ఎవరో ఒక తండ్రి పరుగెత్తుకొస్తాడు, "థర్మాకోల్ బంతులున్నాయా మేడం, ఈరోజే సౌర కుటుంబం తీసకపోవాలంట, రాత్రి పడుకునేటప్పుడు చెప్పినాడు" అంటూ. మధ్యాహ్నం మహిళా యూనివర్సిటీ పిల్లలొస్తారు. సాయంత్రం చీర ముక్క పట్టుకొచ్చే ఆడవాళ్ళు. దారం రంగు కుదిరేదాకా డబ్బాలన్నీ దింపిస్తారు, చివరికి బయట వెలుగులోకి తీసుకెళ్ళి చూసి "వేరేగా ఉందే" అని వెళ్ళిపోతారు. అది వ్యాపారం, దాని మీద నాకు ఫిర్యాదు లేదు.

ఇదంతా మీకెందుకంటే, ఈ షాపులో నా చేతులు ఖాళీగా ఉండవు. ఒక చేతిలో లేసు, ఇంకో చేతిలో కత్తెర. ముత్యాలు తూచేటప్పుడు కళ్ళు కాటా మీదే ఉండాలి. ఫోన్ తీసి డబ్బు పడిందో లేదో చూసుకునే తీరిక ఎక్కడిది? అందుకే మీ బాక్సు పెట్టుకున్నాను. "ముప్పై రూపాయలు వచ్చాయి" అని అది అంటే చాలు, తలెత్తకుండానే "సరేమ్మా" అని పంపించేస్తాను.

బాక్సు అంటగట్టేటప్పుడు మీ కుర్రాడికి ఎంత మర్యాదండీ! "అక్కా, మీ షాపుకు బోణీ మాదే కావాల" అన్నాడు. తలుపు మీద ఒక స్టిక్కరు, గల్లా పెట్టె మీద ఒకటి, నేను కూర్చునే కుర్చీ వెనక ఇంకొకటి అంటించాడు. నా ఫోన్ తీసుకుని తన కంపెనీకి తనే ఫైవ్ స్టార్ ఇచ్చుకున్నాడు. పోనీలే, చిన్నపిల్లాడని నవ్వి ఊరుకున్నాను. మే నెలలో గంగమ్మ జాతరకు వేషాలు కట్టేవాళ్ళు, సప్పరాలు చేసేవాళ్ళు రంగు కాగితాలకూ తళుకులకూ ఎగబడినప్పుడు బాక్సు బాగానే పలికింది. ఎదురుగా గాజుల షాపామె చూసి ముచ్చటపడితే, ఆమెకూ మీ బాక్సే ఇప్పించాను. సందు చివర ఫ్యాన్సీ స్టోరు ఆయనకూ నేనే చెప్పాను. మీకు జీతం లేని ఏజెంటుగా పనిచేసినట్టేగా.

ఆషాఢంలో ఒకరోజు అది మూగబోయింది. ఎందుకో నాకు తెలీదు, తెలుసుకోవాలనీ లేదు. లైటు వెలుగుతుంది, చార్జింగ్ ఎక్కుతుంది, నోరు మాత్రం లేవదు. వస్తువన్నాక చెడిపోతుంది. నేనమ్మే గ్లూ గన్లు చెడిపోవా? తెచ్చి బల్ల మీద పెడితే మార్చి ఇస్తాను. ఇక్కడిదాకా మీ మీద నాకు కోపం లేదు.

మీకు ఫోన్ చేశాక మొదలైంది. తెలుగు కావాలంటే నంబరు నొక్కమన్నారు, నొక్కాను. "మీ కాల్ మాకు చాలా ముఖ్యం" అని పాట పెట్టారు. ఆ పాట ఇప్పుడు మా షాపులో పనిచేసే అమ్మాయికి కూడా కంఠతా వచ్చేసింది. చివరికి ఒకాయన లైన్లోకొచ్చి హిందీలో అందుకున్నాడు. తెలుగుకే కదా నొక్కింది అంటే, తెలుగు ఏజెంట్ బిజీ అన్నాడు. నా హిందీ కొండకొచ్చే యాత్రికులకు అలిపిరి బస్సు చూపించేంతవరకే. ఆపి మళ్ళీ ఆన్ చేయమన్నాడు, చేశాను. ఇంకోసారి తెలుగావిడే దొరికింది, ప్రాణం లేచొచ్చింది. ఆవిడ కూడా ఆపి ఆన్ చేయమంది. తర్వాత "సిగ్నల్ ప్రాబ్లమేమో మేడం, షాపు బయట పెట్టి చూడండి" అంది. మిట్టమధ్యాహ్నం, తిరుపతి ఎండలో, బాక్సును చేత్తో పైకెత్తి పట్టుకుని నడిసందులో నిలబడ్డాను. అటుగా పోయే ఆటో అతను ఆగి "ఏం అమ్ముతాండావక్కా?" అని అడిగాడు.

ఇంకొకాయన మరీ ఘనుడు. "మీ బాక్సు మా సిస్టంలో యాక్టివ్‌గానే ఉంది మేడం" అన్నాడు. "మీ సిస్టంలో మాట్లాడుతోందేమో నాయనా, నా షాపులో మాట్లాడడం లేదు" అన్నాను. కనీసం నవ్వలేదు. టికెట్ నంబరిచ్చాడు. మర్నాడు పొద్దున్నే మెసేజ్: "మీ సమస్య పరిష్కరించబడింది. మా సేవకు రేటింగ్ ఇవ్వండి." ఎవరు పరిష్కరించారు? ఎప్పుడొచ్చారు? ఒళ్ళు మండి ఒక్క స్టార్ ఇచ్చాను. చూడండి మరి, గంట తిరక్కుండా ఫోనొచ్చింది! "రేటింగ్ ఎందుకు తక్కువిచ్చారు మేడం?" అని. మొదట్నించీ చెప్పుకొచ్చాను. అంతా విని, "అది టెక్నికల్ టీం చూడాలి మేడం, మాది ఫీడ్‌బ్యాక్ టీం" అని పెట్టేసింది.

బాక్సు ఇచ్చిన కుర్రాడికి చేస్తే, "నేను ఆ కంపెనీ మానేసినానక్కా, ఇప్పుడు ఇన్సూరెన్సు చేస్తాండా, నీకేమన్నా పాలసీ కావాల్నా?" అన్నాడు. అతని బదులు వచ్చినతను నాది రేణిగుంట ఏరియా అన్నాడు. తిరుపతి టౌను ఎవరిదంటే, ఆ పోస్టు ఖాళీగా ఉందట. తిరుపతికే మనిషి లేడంటే నేనేం చెప్పేది?

వరలక్ష్మీ వ్రతం ముందురోజు సాయంత్రం మా షాపుకు మీరు రావాల్సింది. కలశానికి పెట్టే అమ్మవారి ముఖాలు, జడలు, బుల్లి చీరలు, లేసులు. కాలు పెట్టే చోటు లేదు. నా ఫోను లేసు చుట్టల కింద ఎక్కడో కూరుకుపోయింది. అందరూ "పంపించినాం, పంపించినాం" అంటున్నారు. బాక్సు ఉలకదు, పలకదు. ఒక పెద్దావిడను "అమ్మా, ఒక్కసారి మీ ఫోన్ చూపిస్తారా" అని అడిగాను. ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూసింది. "యాభై రూపాయలకు దొంగతనం చేసే మొగమా నాది?" అంది. పచ్చని జాకెట్టుకు పెట్టుకోవడానికి తీసుకున్న ముత్యాల లేసు బల్ల మీద పెట్టేసి, పక్కనున్న కోడల్ని కూడా లాక్కుని వెళ్ళిపోయింది. ఉగాది నుంచి వారం వారం వచ్చేదండీ ఆవిడ. తర్వాత ఫోన్ వెదికి చూస్తే ఆ యాభై పడే ఉంది. వెనక్కిద్దామంటే ఆవిడ ఇల్లెక్కడో తెలీదు. ఇప్పటికీ ఆ లేసు కవర్లో పెట్టి గల్లా పక్కనే ఉంచాను. ఇంకోవైపు, ఆ రద్దీలోనే ఎవరో పాత స్క్రీన్‌షాట్ చూపించి సరుకు పట్టుకుపోయారు. ఆ డబ్బు పోయినందుకు ఏడవడం లేదు. పెద్దావిడ అన్న మాట మాత్రం మీరే పడాల్సింది, నేను పడ్డాను.

అన్నట్టు, మీ కంపెనీలో తెలుగు చక్కగా మాట్లాడేవాళ్ళు లేరని నేను అనను. ఉన్నారు, లోన్ డిపార్ట్‌మెంట్లో. నా పేరు తెలుసు, షాపు ఏ సందులో ఉందో తెలుసు, ఏ నెలలో ఎంత వ్యాపారమైందో నాకంటే బాగా తెలుసు. "పండగ సీజన్‌కు సరుకు తెచ్చుకోరా అక్కా, ఐదు నిమిషాల్లో లోన్ వేస్తాం" అంటారు. ఐదు నిమిషాల్లో! మరి నా బాక్సు సంగతేంటమ్మా అంటే "అది వేరే డిపార్ట్‌మెంట్ అక్కా." నేను ఉన్నానని తెలిసిన మనుషులు మీ దగ్గర ఇంతమంది ఉండి, నా గోడు వినేవాడు ఒక్కడూ లేకపోవడం మామూలు విషయం కాదు.

ఇక బాక్సు అద్దె. నెల తిరిగేసరికి 125 రూపాయలు నా ఖాతాకు రావాల్సిన డబ్బులోంచే కోసేస్తున్నారు. అందులో మాత్రం ఏ సర్వరూ డౌన్ కాదు. వద్దు మొర్రో, బాక్సు మీరే తీసుకుపోండి అన్నాను. బాక్సు మా ఫీల్డ్ ఎగ్జిక్యూటివ్ వచ్చి తీసుకెళ్ళేదాకా అద్దె పడుతూనే ఉంటుంది మేడం అన్నారు. ఆ ఎగ్జిక్యూటివ్ ఎవరండీ? ఆ పోస్టేగా ఖాళీగా ఉంది! అది మూగబోయిన నాటినుంచీ పట్టుకున్న అద్దె వెనక్కి వేయాలి, పలికే బాక్సు ఇవ్వాలి, లేకపోతే ఇది పట్టుకుపోవాలి. ఇందులో ఏది చేసినా నాకు సరే. కానీ ముందు ఒక మనిషి నాకు ఫోన్ చేసి, తన పేరు చెప్పి, జరిగింది విని, "తప్పు మాదే" అనాలి. అది అనకుండా కొత్త బాక్సు పంపినా దాన్ని ఆన్ చేయను.

నేను బెదిరించే మనిషిని కాదు. అయినా కొన్ని సంగతులు మీ చెవిన వేస్తున్నాను. ఎవరి క్యూఆర్ అయినా ఏ యూపీఐ యాప్‌తోనైనా స్కాన్ అవుతుంది కాబట్టి, మీ స్టిక్కరు గీకేసి ఇంకొకరిది అంటించుకోవడానికి నాకు ఒక్క నిమిషం చాలు. గీకడానికి నా షాపులో బ్లేళ్ళకు కొదవ లేదు. గాజుల షాపామె, ఫ్యాన్సీ స్టోరు ఆయన అప్పుడు నా మాట మీదే మీ దగ్గరికొచ్చారు, ఇప్పుడూ నా మాటే వింటారు. 1915కు, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైనుకు, ఫోన్ చేయడం నాకు వచ్చు. మీలాంటి కంపెనీల మీద ఫిర్యాదులు వినడానికి రిజర్వు బ్యాంకు పెట్టిన అంబుడ్స్‌మన్ పథకం గురించీ చదివాను. ముందు కంపెనీకి రాయాలి, 30 రోజుల్లో జవాబు రాకపోతే వాళ్ళకు రాసుకోవచ్చు, ఫీజు కూడా లేదు. ఈ ఉత్తరం మీకు అందిన రోజు నుంచే ఆ 30 రోజులు లెక్కపెడతాను. నా డబ్బు జమచేసే బ్యాంకుకు కూడా దీని కాపీ ఒకటి వెళ్తోంది.

ముందు దసరా ఉంది. కొలువు పెట్టేవాళ్ళు బొమ్మల అలంకారానికి సామాన్లు వెదుక్కుంటూ వస్తారు, బ్రహ్మోత్సవాల రద్దీ దానికి తోడు. ఈలోగా ఫోన్ చేయదలిస్తే షాపు మూసే రాత్రి తొమ్మిదిన్నరకు ముందే చేయండి. నంబరు లేదంటారేమో, లోన్ డిపార్ట్‌మెంట్ వాళ్ళనడగండి, వాళ్ళ దగ్గర భద్రంగా ఉంది.

ఇట్లు,
మీ టికెట్లలో "పరిష్కరించబడిన" షాపు యజమానురాలు