‘ఆస్పత్రికి తరలించేలోపే’

సంపాదకులకు నమస్కారం.

గత నెల మీరు గుండె ఆరోగ్యం మీద వేసిన ప్రత్యేక పేజీని కత్తిరించి దాచుకున్నాను. నడక, రక్తపోటు, చక్కెర, పొగ మానడం, అన్నీ అవసరమైన మాటలే. అయితే అదే రోజు పత్రికలో మరో పేజీ మూలన నాలుగు వరుసల వార్త ఒకటి ఉంది. మైదానంలో ఆడుతున్న యువకుడు కుప్పకూలాడు, ఆస్పత్రికి తరలించేలోపే మృతి చెందాడు. ఈ ‘తరలించేలోపే’ దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను. మా ఆయన వార్తకెక్కేంతటి మనిషే అయితే ఆయన గురించీ అలాగే రాసి ఉండేవారు.

నాలుగేళ్ల కిందట ఒక ఉదయం ఆయన కుర్చీలో కూర్చుని మీ పత్రికే చదువుతున్నారు. కాసేపటికి గురక వినిపించింది. రాత్రి సరిగా నిద్రపట్టలేదన్నారు కదా, కునుకు తీస్తున్నారనుకుని నా పని నేను చూసుకున్నాను. పత్రిక జారి నేల మీద పడిన చప్పుడుకు తిరిగి చూశాను. పిలిస్తే పలకలేదు, కుదిపితే కదల్లేదు. గురక మాత్రం ఉండి ఉండి ఒకటి వస్తోంది. ఊపిరి ఉందిలే అని ధైర్యం చెప్పుకున్నాను. అది ఊపిరి కాదని, గుండె ఆగాక కూడా కొద్ది నిమిషాల పాటు అలాంటి ఎగశ్వాస రావచ్చని తర్వాత తెలిసింది.

అబ్బాయి నీళ్లు తెచ్చాడు. పక్కింటివారు అరికాళ్లు రుద్దారు. ఒకరు తల కింద దిండు పెట్టారు, మరొకరు లేపి కూర్చోబెట్టమన్నారు. గదిలో అయిదుగురం, పది చేతులు. ఒక్క చెయ్యీ ఆయన ఛాతీ మీద పడలేదు. అంబులెన్స్ పదకొండు నిమిషాల్లో వచ్చింది. త్వరగానే వచ్చిందని ఇప్పటికీ అంటాను. నొక్కి ఉంటే బతికేవారా అని వైద్యుణ్ణి అడిగాను. ఎవరూ చెప్పలేరమ్మా అన్నారు. కాని ఛాతీ నొక్కడం గానీ గుండెకు కరెంటు షాక్ ఇవ్వడం గానీ లేకపోతే గడిచే ప్రతి నిమిషానికీ బతికే అవకాశం ఏడు నుంచి పది శాతం దాకా తగ్గిపోతుందని కూడా ఆయనే చెప్పారు. పదకొండును ఏడుతో హెచ్చవేయడం నాకు వచ్చు.

మీ వార్తల్లో మరో చిక్కు ఉంది. ఎవరు కుప్పకూలినా ‘గుండెపోటు’ అనే రాస్తారు. గుండెపోటు అంటే గుండె కండరానికి రక్తం తెచ్చే నాళం మూసుకుపోవడం. అప్పుడు గుండె కొట్టుకుంటూనే ఉంటుంది, మనిషి సాధారణంగా మాట్లాడుతూనే ఉంటాడు. ఛాతీలో బరువు, దవడకో చేతికో పాకే నొప్పి, చల్లటి చెమట ఉంటే వెంటనే ఆస్పత్రికి పరుగెత్తాలి. మా ఆయనకు రెండు రోజుల ముందు మెట్లెక్కుతుంటే అలాగే అయింది. గ్యాస్ అనుకున్నాం. గుండె ఆగిపోవడం వేరు. అప్పుడు మనిషి క్షణాల్లో స్పృహ తప్పుతాడు, అక్కడ పరుగు సరిపోదు. పక్కనున్నవాడే మొదలుపెట్టాలి. మొదటిది రెండోదానికి దారితీయవచ్చు గాని రెండూ ఒకటి కాదు.

నేను విశ్రాంత టైపు ఉపాధ్యాయురాలిని. ముప్ఫై ఏళ్లలో పుస్తకం చదివి టైపు నేర్చుకున్నవారిని ఒక్కరినీ చూడలేదు. ఏ ఎస్ డి ఎఫ్ అని వేళ్లు వెయ్యిసార్లు కొట్టాల్సిందే. సీపీఆర్, అంటే గుండె ఆగినవారి ఛాతీ నొక్కి రక్తాన్ని నడిపించడం కూడా అంతే అని నా ఉద్దేశం. ఫోనులో వీడియో చూసి ‘తెలిసిపోయింది’ అనుకునేవారిని ఒక్కసారి మనిషి ఆకారపు సాధన బొమ్మ ముందు మోకాళ్ల మీద కూర్చోబెట్టాలి. ఆయన పోయిన ఏడాదికి శిక్షణకు వెళ్లాను. ఛాతీ మధ్యలో అరచేతి మడమ, అంటే మణికట్టు దగ్గరి భాగం ఆనించి, మోచేతులు వంచకుండా, అయిదారు సెంటీమీటర్లు దిగేలా నొక్కాలి. ప్రతిసారీ ఛాతీ పూర్తిగా పైకి లేవనివ్వాలి. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, అంటే సెకనుకు దాదాపు రెండు. లయ నాకు సులువుగానే పట్టుబడింది, అది నా వృత్తి. బలం చాలలేదు. సరిపడా దిగితే బొమ్మ టక్కుమంటుంది. మొదటి నిమిషంలో అది టక్కుమన్నది తక్కువ, నా నడుము కలుక్కుమన్నది ఎక్కువ. అందుకే రెండు నిమిషాలకోసారి మనిషి మారాలట. ఆ రోజు మా గదిలో అయిదుగురం ఉన్నాం.

నేర్పిన నర్సు గారు ఒక సంగతి చెప్పారు. ఛాతీని పైనుంచి నొక్కి రక్తాన్ని నడిపించవచ్చని 1960లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం నుంచి లోకానికి చెప్పిన ముగ్గురిలో ఒకరైన విలియం కౌవెన్‌హోవెన్ అసలు వైద్యుడు కాదట, ఎలక్ట్రికల్ ఇంజనీరట. ఆ సాధన బొమ్మను మొదట తయారుచేసిన నార్వే వ్యాపారి బొమ్మలు అమ్ముకునేవాడట. ఇంజనీరు కనిపెట్టి, బొమ్మలవాడు నేర్పిన పనికి నాకు వైద్యం రాదు కదా అని వెనక్కి తగ్గడమేమిటి? పక్కటెముక విరుగుతుందేమోనని కొందరి భయం. విరగవచ్చు కూడా. పలకని, సరిగా ఊపిరి తీయని మనిషికి అంతకంటే పెద్ద నష్టం అప్పటికే జరుగుతోంది. పొరపాటున గుండె ఆడుతున్నవారిని నొక్కితే చాలావరకు వారే మూలుగుతారు, చెయ్యి తోసేస్తారు. పసిపిల్లలకు, నీళ్లలో మునిగినవారికి నోటి ద్వారా శ్వాస ఇవ్వడమూ ముఖ్యం, అదీ నేర్పుతారు. షాక్ ఇచ్చే పెట్టె దగ్గరలో ఉంటే తెప్పించి తెరవండి. ఏమి చేయాలో అదే గొంతెత్తి చెబుతుంది.

2021 జూన్‌లో కోపెన్‌హాగెన్ మైదానంలో ఎరిక్సన్ అనే ఫుట్‌బాల్ ఆటగాడు గుండె ఆగి పడిపోయాడు. అక్కడికక్కడే నొక్కారు, షాక్ ఇచ్చారు. మరుసటి ఏడాది అతను మళ్లీ ఆడాడు. అతని వార్తలో ఎవరేమి చేశారో వరుసగా రాశారు. మన యువకుడి వార్తలో ‘తరలించేలోపే’ మాత్రమే ఉంది.

అందుకే నా మనవి. ఇకమీదట ఇలాంటి వార్తకు ఇంకొక్క వరుస చేర్చండి: ఎవరైనా ఛాతీ నొక్కారా, ఎన్ని నిమిషాలకు మొదలుపెట్టారు? విలేకరి ఆ ప్రశ్న అడిగితే చాలు, చుట్టూ నిలబడిన పదిమందికీ అలాంటి పని ఒకటుందని తెలుస్తుంది. తప్పెవరిదని తేల్చమనడం లేదు. తేల్చితే నా పేరే ముందుంటుంది.

నేర్చింది ఆరు నెలలకే చేతిలోంచి జారిపోతోంది, టైపు లాగే. వచ్చే శనివారం మళ్లీ బొమ్మ దగ్గరకు వెళ్తున్నాను. మోకాళ్ల కిందికి మడత దుప్పటి ఒకటి సర్దుకున్నాను. ఈసారి పక్కింటివారు కూడా వస్తామన్నారు.

ఇట్లు,
ఒక విశ్రాంత టైపు ఉపాధ్యాయురాలు