వానలు మొదలయ్యేలోపు నడక బాటల పని

అందరికీ నమస్తే అండీ, కాంపౌండ్ చుట్టూ ఉన్న కాంక్రీట్ బాట గురించి ఈ మెసేజ్. జనరేటర్ రూమ్ పక్కన పాచి బాగా పట్టింది, పెద్దవాళ్లు పొద్దున్నే అటే నడుస్తారు కాబట్టి ముందు అదే క్లీన్ చేయిద్దాం, బ్లీచింగ్ నీళ్లు కాసేపు ఉంచి గట్టి బ్రష్‌తో రుద్దితే పోతుంది. బాత్రూమ్ యాసిడ్ మాత్రం దయచేసి ఎవరూ పోయించొద్దు, యాసిడ్ సిమెంట్‌నే తినేస్తుంది, బ్లీచింగ్‌తో కలిస్తే విషవాయువు కూడా వస్తుంది.

ఇక పగుళ్లు. వెంట్రుకవాసి గీతలతో కంగారు లేదు, కానీ వేలి మందం ఉన్నవాటి మీద సిమెంట్ పాలు పూసేసి వెళ్లిపోతానంటాడు మేస్త్రీ, అది రెండు వానలకే లేచిపోద్ది. పగులుని కొంచెం వెడల్పు చేసి, దుమ్ము దులిపి, తడిపి, పాలిమర్ (బాగా అతుక్కునేలా చేసే మందు) కలిపిన సిమెంట్-ఇసుక మోర్టార్‌తో నింపమనండి. వేపచెట్టు దగ్గర పలక పైకి లేచింది వేర్ల వల్ల, అక్కడ పూత దండగ, ఆ ముక్క తీసేసి కొత్తది పోయాల్సిందే. పోసేటప్పుడు 4 అంగుళాల మందం, 4-5 అడుగులకో జాయింట్ (పగుళ్లు అడ్డదిడ్డంగా రాకుండా వదిలే గాడి), గోడ నుంచి బయటికి వాలు చూసుకోవాలి, తర్వాత కనీసం 7 రోజులు గోనెపట్టాలు కప్పి తడిగా ఉంచాలి, ఎండల్లో ఇదే అందరూ ఎగ్గొట్టేది.

అన్నట్టు పైనుంచి ఏసీ నీళ్లు బాట మీద పడేవాళ్లు పైపు డ్రెయిన్‌లోకి పెట్టించుకోండి, పాచికి సగం కారణం అదే. పని ఆదివారం నుంచి, బైకులు అటు పెట్టకండి ప్లీజ్.