కూర్చుని తాగేవారికి కాగితపు కప్పు ఎందుకు?

సంపాదకుల వారికి,

నమస్కారం. సిల్వర్ ఓక్ చెట్ల నీడన, మిరియాల తీగల నడుమ గిరిజన రైతులు పండించే అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు రావడం మనందరికీ గర్వకారణం. కానీ అదే కాఫీని విశాఖ నగరంలో తాగబోతే, బల్ల ముందు తీరిగ్గా కూర్చున్నవారికి సైతం చాలా దుకాణాలు కాగితపు కప్పులోనే పోసి ఇస్తున్నాయి. పది నిమిషాల్లో పని ముగిసే ఆ కప్పు చెత్తబుట్టలోకి, అక్కడి నుంచి డంపింగ్ యార్డుకు, బీచ్ రోడ్డు దగ్గరైతే గాలికి ఎగిరి నేరుగా ఇసుకలోకి చేరుతోంది. దీన్ని తగ్గించడానికి నగరపాలక సంస్థ, రాష్ట్ర ప్రభుత్వం చేయదగిన పనుల గురించి మీ పత్రిక ద్వారా విన్నవించుకుంటున్నాను.

కాగితమే కదా, మట్టిలో కలిసిపోతుందని చాలామంది నమ్ముతున్నారు. వేడి ద్రవానికి నానిపోకుండా ఈ కప్పుల లోపలి వైపు సాధారణంగా పల్చని పాలిథిలిన్ అనే ప్లాస్టిక్ పొర వేస్తారు. కాగితాన్నీ ఆ పొరనూ విడదీయడానికి ప్రత్యేక యంత్రాంగం కావాలి కాబట్టి పాత కాగితాలు కొనేవారికి ఈ కప్పులు పనికిరావు. ఎరువుల గుంతలో వేసినా ప్లాస్టిక్ మిగిలిపోతుంది. ఆరోగ్యం సంగతి అంతకంటె ఆందోళన కలిగించేది. ఖరగ్‌పూర్ ఐఐటీలో ఆచార్య సుధా గోయల్ బృందం 2020లో వెల్లడించిన పరిశోధన ప్రకారం, 85 నుంచి 90 డిగ్రీల వేడి ఉన్న 100 మిల్లీలీటర్ల నీరు ఇలాంటి కప్పులో 15 నిమిషాలు ఉంటే దాదాపు 25,000 సూక్ష్మ ప్లాస్టిక్ రేణువులు అందులో కలుస్తున్నాయి. రోజుకు మూడు నాలుగు సార్లు కాఫీ, టీ తాగే అలవాటున్న మన ప్రాంతంలో దీన్ని తేలిగ్గా తీసుకోవడం తగదు.

2022 జూలై 1 నుంచి దేశమంతటా ప్లాస్టిక్ కప్పులు, గ్లాసులపై నిషేధం అమలులోకి వచ్చినా, ప్లాస్టిక్ పూత ఉన్న కాగితపు కప్పు ఆ జాబితాలో లేదు. రాష్ట్రాలు ఇంకొక అడుగు ముందుకు వేయవచ్చని తమిళనాడు చూపించింది. అక్కడ 2019 జనవరి 1 నుంచి ఇటువంటి కప్పులను కూడా నిషేధించారు. తయారీదారులు న్యాయస్థానాలకు వెళ్లినా, 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆ నిషేధాన్ని సమర్థించింది. కాబట్టి మన ప్రభుత్వానికి అధికారం లేదన్న మాటకు ఆస్కారం లేదు.

అయితే నిషేధ ఉత్తర్వు ఇచ్చి, బడ్డీకొట్టువాళ్లపై జరిమానాలు వేసి చేతులు దులుపుకుంటే అది అన్యాయమవుతుంది. కరోనాకు ముందు మన టీ బడ్డీలలో గాజు గ్లాసులు మామూలుగా కనిపించేవి. 2020లో అంటువ్యాధి భయంతో అవి మూలన పడ్డాయి. భయం పోయినా చాలాచోట్ల మళ్లీ రాలేదు. రాకపోవడానికి అసలు కారణం నీళ్లు. తోపుడుబండి మీద టీ అమ్మే మనిషికి కుళాయి ఉండదు, ఒక్క బకెట్ నీళ్లలోనే ఉదయం నుంచి మధ్యాహ్నం దాకా గ్లాసులు ముంచి తీయవలసి వస్తుంది, అది చూసిన గిరాకీ సహజంగానే కాగితపు కప్పు అడుగుతాడు. అతని అనుమానంలో తప్పు లేదు, అమ్మేవాని నిస్సహాయతలోనూ తప్పు లేదు. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం కింద విక్రయ మండలాలను, అంటే వీధి వ్యాపారులకు కేటాయించే చోట్లను, గుర్తించే అధికారులు, ప్రతి మండలంలో ఒక కుళాయి, మురుగు పోయే తొట్టి, వేడినీటితో గ్లాసులు కడిగే చిన్న కేంద్రం ఏర్పాటు చేస్తే ఈ చిక్కు చాలా వరకు విడిపోతుంది. ఆ కేంద్రాల నిర్వహణను పొదుపు సంఘాల మహిళలకు అప్పగిస్తే వారికి ఉపాధి దొరుకుతుంది, కప్పుల కోసం రోజూ పెట్టే ఖర్చులో కొంత కడిగినందుకు ఇవ్వడానికి వ్యాపారికీ అభ్యంతరం ఉండకపోవచ్చు.

మట్టి కప్పులే పరిష్కారమని కొందరు మిత్రులు అంటుంటారు. రైల్వే స్టేషన్లలో వాటిని 2004లో లాలూప్రసాద్ యాదవ్ మంత్రిగా ఉన్నప్పుడు ప్రవేశపెట్టారు. 2020లో అప్పటి రైల్వే మంత్రి పీయూష్ గోయల్ మళ్లీ అదే ప్రకటించవలసి వచ్చిందంటే మొదటి ప్రయత్నం నిలవలేదనే అర్థం. కుమ్మరులకు పని దొరకడం మంచిదే. కానీ చెరువు మట్టి తవ్వి, కట్టెలు మండించి కాల్చిన పాత్రను ఒక్కసారి వాడి పగలగొట్టడం కూడా వృథాయే. ఒకసారి కాలిన మట్టి మళ్లీ పొలం మట్టి కాదు. మొక్కజొన్న పిండి నుంచి చేసే ప్లాస్టిక్ కప్పులు ఎరువుగా మారాలంటే 60 డిగ్రీలకు దగ్గరగా వేడి నిలిచే ప్రత్యేక కేంద్రాలు కావాలి, మామూలు చెత్తకుప్పలో అవి అలాగే పడి ఉంటాయి. నా దృష్టిలో, పారవేసే ఒక వస్తువుకు బదులు పారవేసే మరో వస్తువును వెతకడంలో మనం చాలా కాలం పోగొట్టుకున్నాం. గాజు గ్లాసు, స్టీలు గ్లాసు, పింగాణీ కప్పు మనకు కొత్తవి కావు. హైదరాబాద్ ఇరానీ హోటళ్లలో కప్పూ సాసరూ నేటికీ నడుస్తున్నాయి. ఫిల్టర్ కాఫీ ఇచ్చే హోటళ్లలో స్టీలు గ్లాసూ గిన్నే ఉన్నాయి.

కాబట్టి మొదటి నిబంధన చాలా సరళంగా ఉండవచ్చు: కూర్చుని తాగే సౌకర్యమున్న ప్రతి దుకాణం అక్కడ తాగేవారికి కడిగి వాడే పాత్రలోనే ఇవ్వాలి. ఫ్రాన్సులో 20 మంది లేదా అంతకు మించి కూర్చునే వీలున్న భోజనశాలలకు 2023 జనవరి నుంచి ఇదే నియమం ఉంది, ఫాస్ట్‌ఫుడ్ సంస్థలు కూడా దానికి లోబడవలసి వచ్చింది. అద్దె, విద్యుత్తు, సిబ్బంది ఖర్చులు భరించగలిగే పెద్ద కాఫీ దుకాణాలు గ్లాసులు కడిగే ఖర్చు భరించలేవని నేను అనుకోను.

పార్సిల్ తీసుకువెళ్లేవారి విషయం కొంత కష్టం. మరిగే టీని పల్చని పాలిథిన్ కవరులో పోసి, మూతికి ముడివేసి, దానితో నాలుగు కాగితపు కప్పులు ఇచ్చే పద్ధతి మన ఊళ్లన్నిటా ఉంది. ఇది అన్నిటికంటె హానికరం, వెంటనే ఆగాలి. ఫ్లాస్కు తెచ్చుకున్నవారికి రూపాయో రెండు రూపాయలో తగ్గిస్తే ఆఫీసుల నుంచి వచ్చేవారు అలవాటు పడతారు. ఫ్లాస్కు లేనివారికి డిపాజిట్ పద్ధతి ఉంది. జర్మనీలోని ఫ్రైబుర్గ్ నగరంలో 2016 నుంచి ఒక యూరో డిపాజిట్‌తో కప్పు ఇచ్చి, పథకంలో చేరిన ఏ దుకాణంలో తిరిగిచ్చినా ఆ డబ్బు వాపసు చేసే ఏర్పాటు వచ్చింది. అంత దూరం వెళ్లనక్కరలేదు, మన పొరుగునే తమిళనాడులోని నీలగిరి జిల్లాలో మద్యం సీసాకు 10 రూపాయలు అదనంగా తీసుకుని ఖాళీ సీసా ఇచ్చినప్పుడు తిరిగి ఇచ్చే విధానం 2022 నుంచి నడుస్తోంది. శుభకార్యాలకు స్టీలు పళ్లేలు, గ్లాసులు ఇచ్చే స్టీలు బ్యాంకులను సిద్దిపేటలో నెలకొల్పారు. ప్రతి మునిసిపల్ వార్డులో అలాంటివి పెట్టడం అసాధ్యమేమీ కాదు.

ముందుగా కలెక్టరేట్, నగరపాలక సంస్థ, విశ్వవిద్యాలయాలు, ప్రభుత్వ ఆసుపత్రుల క్యాంటీన్లలో కాగితపు కప్పుల కొనుగోలు ఆపివేస్తూ ఉత్తర్వు ఇవ్వాలని, తరువాత బీచ్ రోడ్డు వెంట ఉన్న విక్రయ మండలంలో పైన చెప్పిన కడుగుడు కేంద్రాన్ని ప్రయోగాత్మకంగా మొదలుపెట్టి, దాని జమాఖర్చులను ప్రజల ముందు ఉంచాలని సంబంధిత అధికారులను కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు,
విశాఖపట్నం